ఆర్కెస్ట్రా కండక్టర్ అవ్వాలంటే పోటీల దారి మేలా, ఆపెరా హౌస్ దారి మేలా?

మా అక్క కూతురు ఉండేది మారేడ్‌పల్లిలో, పియానో ఎనిమిదో గ్రేడ్ అయిపోయింది, డిగ్రీ ఇంకో ఏడాది ఉంది, ఇప్పుడేమో "పిన్నీ, నేను యూరప్ వెళ్ళి కండక్టింగ్ నేర్చుకుంటా" అంటోంది, అంటే ఆర్కెస్ట్రా ముందు నిలబడి చేతి సైగలతో అందర్నీ కలిపి నడిపించడం. ఇంట్లో అందరూ బెంగ పెట్టుకున్నారు గానీ నేను మాత్రం సీరియస్‌గానే తీసుకున్నా, ఎందుకంటే ఇరవై ఏళ్ళ నుంచి సికింద్రాబాద్‌లో చర్చి క్వయర్‌కి పియానో వాయిస్తున్నా, ఆ పిల్ల చెవి ఎలాంటిదో నాకు తెలుసు. వాదనంతా ఏ దారిలో వెళ్ళాలన్న దాని మీదే.

తనకి పోటీల దారి ఇష్టం. వెనిజులా కండక్టర్ గుస్తావో డుడామెల్ 2004లో జర్మనీలోని బాంబెర్గ్‌లో మాలర్ కండక్టింగ్ పోటీ గెలిచి 2009 కల్లా లాస్ ఏంజలస్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకి వచ్చేశాడు, మన జుబిన్ మెహతా 1954లో బొంబాయి నుంచి వియన్నా వెళ్ళి 1958లో లివర్‌పూల్ పోటీ గెలిచి 26 ఏళ్ళకే అదే లాస్ ఏంజలస్‌లో నిలబడ్డాడు అంటుంది. నిజమే, కానీ డుడామెల్ వెనిజులాలో చిన్నప్పట్నుంచీ యూత్ ఆర్కెస్ట్రాల మధ్యే పెరిగాడు, మెహతా వాళ్ళ నాన్న మెహ్లీ మెహతా బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టిన మనిషి. మన హైదరాబాద్‌లో వారం వారం ముందు నిలబడి నేర్చుకోడానికి 70 మంది వాయించేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? బీతోవెన్ ఐదో సింఫనీ మొదలు అందరికీ తెలిసిందే కదా, స్కోర్, అంటే స్వరాలు రాసిన పుస్తకం, తీస్తే మొట్టమొదట ఉండేది స్వరం కాదు, చిన్న ఖాళీ. ఆ ఖాళీని చెయ్యి సరిగ్గా చూపిస్తేనే అందరూ ఒక్కసారి అందుకుంటారు, అద్దం ముందు ఎంత సాధన చేసినా అది రాదు. పైగా చాలా పోటీలకి 35 ఏళ్ళ లోపు ఉండాలి, రెండో రౌండ్‌లో పోతే ఖాళీ చేతుల్తో రావాలి.

నేను చెప్పేది ఆపెరా హౌస్ దారి, అంటే ఆర్కెస్ట్రాతో పాటల్లోనే నడిచే నాటకాలు వేసే థియేటర్. జర్మనీలో ప్రభుత్వ డబ్బుతో నడిచే ఆపెరా హౌస్‌లు దాదాపు 80 ఉన్నాయి, అక్కడ కొరెపెటిటర్ అని ఒక ఉద్యోగం ఉంటుంది, అంటే రిహార్సల్స్‌లో ఆర్కెస్ట్రా వాయించేదంతా పియానో మీద తనొక్కడే వాయించాలి, గాయకుల పలుకు సరిచెయ్యాలి, రాని గాయకుడి లైన్లు తనే పాడాలి. అక్కణ్ణుంచి కపెల్‌మైస్టర్, అంటే ఆ హౌస్‌లోనే కండక్టర్. పెద్ద కండక్టర్లలో షోల్టి బుడాపెస్ట్‌లో ఇలాగే మొదలయ్యాడు, కరాయన్ 1929 నుంచి ఐదేళ్ళు ఉల్మ్ అనే చిన్న ఊళ్ళో ఆపెరాలు చేశాడు, పప్పానో అయితే కన్సర్వేటరీ, అంటే సంగీత కాలేజీ, మెట్లెక్కకుండానే రిహార్సల్ పియానో నుంచి వచ్చి 2002 నుంచి 2024 దాకా లండన్ రాయల్ ఆపెరా హౌస్ నడిపాడు.

మొన్న క్రిస్మస్‌కి మా సోలో పాడే అమ్మాయికి ఊపిరి చాలక పై స్వరం మధ్యలోనే వదిలేసి ముందుకెళ్ళిపోయింది. పక్కన పేజీలు తిప్పుతున్న మా పిల్ల నాకంటే ముందే పసిగట్టి నా భుజం మీద వేలితో తట్టింది, నేను నెక్స్ట్ లైన్‌కి దూకేశా, కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలీలేదు. ఆపెరా పిట్‌లో, అంటే స్టేజి ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గుంటలో, కండక్టర్‌కి ప్రతి రాత్రీ ఉండే పని ఇదే, మా పిల్లకి అది ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

కష్టాలు లేవని కాదు. జర్మన్, ఇటాలియన్ రెండూ రావాలి, మొదట్లో జీతం తక్కువ, ఏళ్ళ తరబడి పేరు ఎవరికీ తెలీదు. చదువు ఫీజు మాత్రం జర్మనీ ప్రభుత్వ మ్యూజిక్ యూనివర్సిటీల్లో చాలాచోట్ల లేదు, బాడెన్ వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి బయటి దేశాలవాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, కాబట్టి స్టుట్‌గార్ట్ లాంటివి చివర్లో చూసుకోవచ్చు. అసలు కష్టం ఎంట్రన్స్‌లోనే, సీట్లు మరీ తక్కువ.

అయినా పియానో చేతిలో ఉన్న పిల్లకి ఆపెరా హౌసే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. కండక్టర్ పోస్ట్ రాకపోయినా పియానో ఉద్యోగం మిగులుతుంది, పోటీలకి కూడా అక్కణ్ణుంచే వెళ్ళొచ్చు.

పోయిన నెలే బంజారాహిల్స్‌లో జర్మన్ క్లాసుల్లో చేరింది. పుచ్చీని రాసిన లా బొహెమ్ ఆపెరా పియానో స్కోర్ తెప్పించా, అందులో వేగం ఊరికే మారిపోతూ ఉంటుంది, అందుకే అది. హీరో రొడాల్ఫో లైన్లు తనే పాడుకుంటూ మొదటి అంకం వాయిస్తోంది, శనివారం నేను వెళ్ళి హీరోయిన్ మిమీ లైన్లు పాడాలట, నేను ఎక్కడ ఆగితే తను అక్కడ ఆగుతుందట.