సినాట్రా పాడిన తీరు, బిల్లీ హాలిడే పాడిన తీరు

'ఐయామ్ ఎ ఫూల్ టు వాంట్ యు' (నిన్ను కోరుకోవడం నా మూర్ఖత్వం) అనే విషాద గీతాన్ని అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాడడమే కాదు, దాని రచయితల్లో ఆయన కూడా ఒకరు. 1951 మార్చిలో కొలంబియా రికార్డుల సంస్థకు ఆయన పాడిన రికార్డింగులో, ఆక్సెల్ స్టోర్డాల్ కూర్చిన వయొలిన్ల నాదమూ బృందగానమూ వెనుక పరుచుకుని ఉండగా, గొంతు ఒక పాదం నుంచి మరో పాదానికి తెగకుండా సాగుతుంది. పై స్థాయిలోనూ అది నిండుగానే పలుకుతుంది. 1957లో గోర్డన్ జెంకిన్స్ వాద్యబృందంతో ఆయన దీన్ని మళ్లీ పాడారు కానీ, నాకు మొదటిదే ఇష్టం.

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే 1958 ఫిబ్రవరిలో, రే ఎల్లిస్ సంగీత నిర్వహణలో, 'లేడీ ఇన్ శాటిన్' ఆల్బమ్ కోసం ఇదే పాటను పాడారు. అప్పటికి ఆమె గొంతు బొంగురుపోయింది, దాని విస్తృతి తగ్గింది. అయినా తాళం కంటే కాస్త వెనుకగా మాటను అందుకోవడం, దీర్ఘంగా సాగదీయవలసిన చోట చటుక్కున వదిలేయడం, పాదం చివరి స్వరాన్ని కొద్దిగా కిందికి జార్చడం ఆమె చెక్కుచెదరని విద్య. సినాట్రా పాటలో బాధ పడుతున్న మనిషి ఇంకా పోరాడుతున్నాడనిపిస్తుంది. హాలిడే పాటలో ఆ పోరాటం ఎప్పుడో ముగిసిపోయింది. అందువల్లే, గాత్ర సౌష్ఠవంలో సినాట్రాదే పైచేయి అయినా, ఈ సాహిత్యానికి హాలిడే గానమే తగినదని నేను గట్టిగా నమ్ముతాను. తనపై అత్యంత గాఢమైన ప్రభావం ఆమెదేనని సినాట్రాయే బహిరంగంగా చెప్పారు.