సిలికోసిస్ (సిలికా రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) విచారణకు నడుముకు కట్టే దుమ్ము శాంప్లింగ్ పంపు
పంపు నమ్మకమైనదే, చిక్కంతా దానికి తగిలించే సైక్లోన్‌తోనే (గాలిని సుడి తిప్పి ముతక దుమ్మును అడుగున ఆపి, సన్న దుమ్మునే ఫిల్టర్‌కు పంపే చిన్న పరికరం). 10 మి.మీ. నైలాన్ సైక్లోన్‌కు నిమిషానికి 1.7 లీటర్ల గాలి లాగాలి. ఫ్లో తగ్గితే ముతక దుమ్ము కూడా ఫిల్టర్‌కు చేరి లెక్క పెంచేస్తుంది. షిఫ్టుకు ముందూ తర్వాతా ఫ్లో కొలవండి. తేడా 5 శాతం దాటితే ఆ శాంపిల్ పారేయడమే. ఫిల్టర్‌ను కార్మికుడి కాలర్ దగ్గర, ముక్కుకు 30 సెం.మీ. లోపు బిగించాలి. విప్పేటప్పుడు సైక్లోన్‌ను తలకిందులు చేశారా, అడుగున చేరిన ముతక దుమ్మంతా ఫిల్టర్ మీద పడి రోజంతా చేసిన పని వృథా. ట్యూబు నలిగితే పంపు ఆగిపోతుంది, ఆ అలారమేమో రాళ్లు కోసే మోతలో వినబడదు. పంపు వరకైతే అదొక్కటే అసలు లోపం. రీడింగ్ తక్కువొచ్చిందని మాత్రం కేసు మూసేయకండి: ఈ జబ్బు సాధారణంగా పదేళ్లు దాటాకే బయటపడుతుంది, పంపు కొలిచేది ఈ ఒక్క షిఫ్టునే.