వైజాగ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు... రుషికొండ దగ్గరే వెనక్కి తిరిగేయకండి

వైజాగ్ ఇంతకుముందు నాలుగైదుసార్లు వెళ్లాం గానీ ఎప్పుడూ ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, అంతే, మళ్లీ రైలెక్కేయడమే. ఈసారి నాన్న పట్టుబట్టారు, భీమిలి చూడకుండా ఏం వైజాగ్‌రా అని. సరేనని సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. పట్టుమని ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు, మాకు మాత్రం రోజంతా పట్టింది.

రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, శుభ్రంగానే ఉంది, కానీ ఆదివారం అయితే జనమే జనం. మేం ఆగలేదు.

తొట్లకొండ పైదాకా కారు వెళ్తుంది. 1976లో నేవీ వాళ్లు పైనుంచి సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం సంగతి బయటపడిందట. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. పైనుంచి సముద్రం చూస్తే, ఎక్కడ కాపురం పెట్టాలో ఆ భిక్షువులకి బాగా తెలుసు అనిపిస్తుంది. నీడ తక్కువ, మంచినీళ్లు తీసుకెళ్లండి.

ఎర్రమట్టి దిబ్బల్లో వానకి కోసుకుపోయిన సందుల్లో నడుస్తుంటే అటూ ఇటూ ఎర్రటి గోడలే, ముట్టుకుంటే పొడిలా రాలిపోతాయి, అలాంటిది పిల్లల్ని పైకెక్కించి జారిస్తున్నారు, కాపాడుకోవాల్సిన భూగర్భ వారసత్వం, జియో హెరిటేజ్ సైట్ అని ఎవరికి పట్టింది చెప్పండి.

నాకు బాగా నచ్చింది మాత్రం భీమిలిలో డచ్చివాళ్ల శ్మశానం. మొనదేలిన పెద్ద పెద్ద సమాధులు, సున్నం ఊడిపోయి లోపలి ఇటుకలు కనిపిస్తున్నాయి. ఒక పలక మీద అక్షరాలు వేలితో తడిమి చూశా, సగం అరిగిపోయాయి. పక్క సమాధి మీద మేకపిల్ల హాయిగా పడుకుని ఉంది. ఒకప్పుడు ఓడలొచ్చిన రేవు, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు మధ్యాహ్నం పూట వీధుల్లో అలికిడే లేదు. ఒడ్డున చేపలమ్మే ఆవిడ "ఏటి బాబూ, ఫొటోలేనా, కొనీదేటైనా ఉందా" అనేసరికి సిగ్గేసి ఎండుచేపలు కొన్నాం. గోస్తనీ సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చున్నాం, అక్కడ కూర్చోడానికి టికెట్ కూడా లేదు.

భోజనం అక్కడే చిన్న మెస్‌లో, వంజరం పులుసు అదిరింది.

బస దగ్గరే దెబ్బతిన్నాం. రుషికొండ వైపు ఒక హోటల్లో సీ వ్యూ అని ఎక్స్‌ట్రా కట్టించుకున్నారు, కర్టెన్ తీస్తే నీళ్ల ట్యాంకు, మెడ బయటపెట్టి ఎడమకి వంగితే సముద్రం ఇంత ముక్క. నాన్న గొంతు పెంచాక రూమ్ మార్చారు. ముందే ఫోన్ చేసి ఆ రూమ్ కిటికీ ఫొటో పెట్టమనండి. కారు లేకపోయినా బస్సులున్నాయి, కాకపోతే తొట్లకొండ ఎక్కడానికి ఆటో మాట్లాడుకోవాలి.

కారు తిరిగిచ్చేటప్పుడు సీట్ల కింద ఎర్రమట్టి ఉందని క్లీనింగ్ చార్జీ ఐదొందలు వేశారు. నాన్న పంచెకి పట్టింది మాత్రం రెండుసార్లు ఉతికినా ఇంకా వదల్లేదు.