రాళ్లవానకు ఏ కప్పు మేలు: షింగిల్సా, రేకులా, పెంకులా?

సంక్రాంతి దాటిందంటే మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్ వైపు నుంచి అదే ప్రశ్న. కొత్తగా గది వేసుకునేవాళ్లు, పాత సిమెంటు రేకులు మార్చాలనుకునేవాళ్లు అడుగుతారు, రాళ్లవానకు నిలిచే కప్పు ఏదని. ఈమధ్య దానికి తోడు ఇంకోటి చేరింది. డాలస్‌లో ఉన్న పిల్లలు ఫోన్ చేసి, "నాన్నా, ఇక్కడందరూ క్లాస్ ఫోర్ షింగిల్స్ వేయిస్తున్నారు, మనింటికీ అవే చూడు" అంటున్నారట. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మరాఠ్వాడా, విదర్భల మీద పడ్డ రాళ్లను చూసినవాళ్లకు ఈ ఆరాటమెందుకో విడమరచి చెప్పనక్కర్లేదు.

ముందు షింగిల్స్ సంగతి. ఇవి తారు పట్టించి, పైన సన్నటి రాతిరవ్వ అద్దిన పలకలు, కప్పు మీద వరసలుగా పేరుస్తారు. క్లాస్ ఫోర్ అన్నది కంపెనీవాళ్లు ఊరికే తగిలించుకున్న పేరు కాదు. యూఎల్ 2218 అనే అమెరికా పరీక్షలో 2 అంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకే చోట రెండుసార్లు వదులుతారు. వెనకవైపు చీలిక కనబడకపోతేనే ఆ క్లాసు ఇస్తారు. క్లాస్ వన్‌కైతే గుండు ఒకటింబావు అంగుళం, ఎత్తు 12 అడుగులే. చూడ్డానికి తేడా కొంచెమే అనిపిస్తుంది. కానీ రాయి అడ్డకొలత రెట్టింపైతే బరువు 8 రెట్లవుతుంది, పడే వేగమూ పెరుగుతుంది, మొత్తమ్మీద దెబ్బ 16 రెట్లు. అందుకే రేగుపండంత రాళ్లకు నిలిచిన కప్పు నిమ్మకాయంత రాళ్లకూ నిలుస్తుందని ధీమా పడకూడదు. మంచి రకం షింగిల్స్‌లో తారుకు ఎస్‌బీఎస్ అనే రబ్బరులాంటి పదార్థం కలుపుతారు. దానివల్ల దెబ్బకు సాగుతాయి తప్ప తొందరగా చీలవు.

సరుకు మంచిదే. మన దగ్గర దాన్ని నిలబెట్టడమే కష్టం. షింగిల్స్ కింద కప్పంతా ప్లైవుడ్ పరవాలి, దానిమీద నీరు దిగని పొర వేయాలి, వాలు సరిగ్గా ఉండాలి. ఆ పని తెలిసినవాళ్లు హైదరాబాద్ నుంచో పుణె నుంచో రావాలి. రేపు నాలుగు ముక్కలు లేచిపోతే మళ్లీ వాళ్ల కోసమే ఎదురుచూడాలి. పైనున్న సన్నటి రాతిరవ్వే తారును ఎండ నుంచి కాపాడుతుంది. రాళ్ల దెబ్బకు ఆ రవ్వ రాలితే, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ నేరుగా తారుకే తగులుతుంది. ఇంకో సంగతి, టెక్సాస్‌లో ఇలాంటి కప్పు వేయిస్తే ఇంటి బీమా ప్రీమియంలో రాయితీ దొరుకుతుంది. అక్కడివాళ్ల లెక్కలో అది పెద్ద భాగం. మన పల్లెల్లో ఇంటికి బీమా చేయించినవాళ్లే అరుదు.

నా వరకు తేల్చే విషయం ఒక్కటే: దెబ్బ తగిలిన కప్పు సొట్టపోతుందా, పగులుతుందా? రాళ్లు పడేది కొద్దిసేపే. ఆ వెనకే ఈదురుగాలి, కుండపోత. రాళ్లవాన పడే ఆ నెలల్లో ఇంట్లో శనగలుంటాయి, మిర్చి ఉంటుంది, అమ్ముడుపోని పత్తి ఉంటుంది. సొట్టపడ్డ కప్పు కింద అవన్నీ పొడిగా ఉంటాయి. పగిలిన కప్పు కింద ఏడాది కష్టం ఒక్క రాత్రిలో తడిసిపోతుంది. రేకు మీద సొట్టలు అసహ్యంగా ఉంటాయంటారు కొందరు. ఉండనివ్వండి.

అందుకే నా ఓటు ఇనుప రేకులకే. మా ముందుగదులకూ అవే వేయించాను. అయితే చవక రేకు కాదు. 0.30, 0.35 మిల్లీమీటర్ల రేకులు పశువుల కొట్టానికి చాలు, మనుషులుండే ఇంటికి 0.50 తీసుకోండి. కొట్టువాళ్లు రంగు, పూతా కలిపి మందం చెబుతారు, లోపలి ఇనుము మందమెంతో విడిగా అడగండి. పూత అల్యూమినియం, జింకు కలిసినది, చదరపు మీటరుకు 150 గ్రాములది ఉండాలి. సొట్టపడ్డ చోట రంగు బీటలిచ్చినా ఆ పూత తుప్పును ఆపుతుంది.

ఇక బిగింపు. మా ప్రాంతంలో రాళ్లవాన గాలి లేకుండా రాదు. ఎగిరిన రేకు రాయికన్నా ప్రమాదం. రేకుల కింద ఆనింపుగా నాలుగైదు అడుగులకో పైపు వేసి ఖర్చు మిగిల్చానంటాడు వెల్డరు. ఒప్పుకోకండి, మూడడుగులకొకటి వేయించండి. చూరు దగ్గర, అంచుల దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, ప్రతి స్క్రూకూ రబ్బరు వాషరుండాలి. రేకుల మీద బండరాళ్లు పెట్టి ఊరుకునే అలవాటు మాత్రం మానాల్సిందే. వాలు కాస్త ఎక్కువ పెడితే రాయి నిలువునా తగలకుండా జారుతుంది.

రేకుకు లోపాలు లేవనను. రాళ్లు పడుతున్నంతసేపు లోపల పక్కమనిషి మాట వినబడదు. ఎండాకాలం ఉడికిపోతాం. లేతరంగు రేకు వేసి, కింద జానెడు ఖాళీ వదిలి సీలింగు కొట్టిస్తే రెండూ తగ్గుతాయి. ఆ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోండి.

గూనపెంకుల మీద నాకు ప్రేమ ఉంది. చల్లదనంలో వాటికి సాటి లేదు, పగిలినదొక్కటే తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థవాళ్లు కార్ఖానా పెట్టి మొదలుపెట్టిన మంగళూరు పెంకుదీ అదే సుగుణం. కానీ రాళ్లవాన ఒక్కటి పగలగొట్టి ఊరుకోదు. మిగిలినవాటి పని కోతులు చూస్తాయి. పెంకులు తిరగేసే పనివాళ్లు ఊరికి ఒక్కరు దొరికితే గొప్ప. పెంకుటిల్లు ఉన్నవాళ్లు కూల్చక్కర్లేదు. పెంకులు దించి, సన్న రేకు పరిచి, పైన ఆ పెంకులే మళ్లీ పేర్చండి. పైది పగిలినా నీరు లోపలికి దిగదు, చల్లదనమూ పోదు. వాసాలు గట్టిగా ఉంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తోచలేదు.

సిమెంటు రేకు వద్దు. ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది, పెద్ద రాయి పడితే తూటు పడుతుంది. ఆస్‌బెస్టాస్ కలిసిన పాత రేకులు పగిలితే ముక్కలను నీళ్లతో తడిపి, ముక్కూ నోరూ గట్టిగా కప్పుకొని ఏరండి. పొడి చీపురుతో ఊడవకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

డబ్బుంటే స్లాబు వేసుకోండి, దాని ముందు ఇవేవీ నిలవవు. వెలుతురు కోసం వేసే ప్లాస్టిక్ రేకు అన్నిటికన్నా ముందు పోతుంది, తప్పదనుకుంటే ఒక్క పట్టీ చాలు. రాతిపొడి అద్దిన స్టీలు పెంకులు చూడముచ్చటగా ఉంటాయి, ధర ఎక్కువ.

పని జనవరి దాటనివ్వకండి. ఫిబ్రవరిలో మొదటి మబ్బు కమ్మాక ఏ వెల్డరూ ఫోన్ ఎత్తడు.