ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి సైలెన్సర్ మార్పు: డౌన్‌పైపా, క్యాట్‌బ్యాకా, ఉన్నదే మేలా?

మా పిన్ని కొడుకుది భీమవరం. రెండేళ్లు వరసగా రొయ్య కలిసొచ్చేసరికి సెకండ్ హ్యాండ్‌లో 2018 ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నాడు. వారం తిరక్కుండానే ఫోను. "అన్నయ్యా, బండి బుల్లెట్టే గానీ సౌండ్ లేదు. సైలెన్సర్ మార్పించేస్తున్నాను, ఏది పెట్టమంటావ్?"

అదే కారు నా దగ్గర నాలుగేళ్లుగా ఉంది. వారానికి రెండు మూడుసార్లు అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లొస్తుంటాను. ఈ సైలెన్సర్ వ్యవహారంలో ఒకసారి చేతులు కాల్చుకున్నాను కూడా. వాడికి ఆ రోజు గంటసేపు చెప్పిందే ఇది.

నేను ముందు అడిగింది ఒకటే: నీకు సౌండ్ కావాలా, పికప్ కావాలా? రెండూ ఒకే పైపులోంచి వస్తాయని అందరూ అనుకుంటారు. టర్బో బండిలో అలా కుదరదు. ఇంజన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే టర్బోలో ఒక చక్రం (టర్బైన్) ఉంటుంది, ఎగ్జాస్ట్ గ్యాసు దాన్ని తిప్పుకుంటూ బయటికి వస్తుంది. టర్బైన్‌కి ముందు ఒత్తిడి ఎక్కువగా, వెనక తక్కువగా ఉంటే అది అంత త్వరగా స్పీడు అందుకుంటుంది. కాబట్టి పికప్ మీద ప్రభావం చూపేది టర్బోకి ఆనుకుని ఉండే డౌన్‌పైపు, అందులోని క్యాట్ (పొగలోని విషవాయువుల్ని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్). చివర బంపరు కింద వేలాడే మఫ్లర్ మారిస్తే సౌండే మారుతుంది, పవర్ దాదాపు అక్కడే ఉంటుంది. "బ్యాక్‌ప్రెషర్ పోతే పికప్ పోద్దండి" అని, అంటే పైపులో పొగకి కొంత అడ్డు ఉండాలని మెకానిక్‌లు అంటారే, టర్బో బండికి ఆ మాట వర్తించదు. ఇంకో సంగతి. ఈ 2.0 టీఎస్‌ఐ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే గొట్టాలు) సిలిండర్ హెడ్‌లోనే కలిసి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కే బిగుస్తుంది. ఎవరైనా ఆ మానిఫోల్డ్ మార్చి "హెడ్డర్స్ వేద్దాం" అన్నారంటే వాళ్లు ఈ బండి బానెట్ ఎత్తి చూడలేదన్నమాట.

ఇక నా తప్పు. అన్నిటికంటే చౌక పని ఎంచుకున్నాను. వెనక మఫ్లర్ కోసేసి, దాని స్థానంలో ఖాళీ పైపు వెల్డింగ్ చేయించడం. ఒక పూట పని. ఆ సాయంత్రం షాపులోంచి బండి బయటికి తీసినప్పుడు ఒళ్లు పులకరించింది, అబద్ధం చెప్పను. మర్నాడు అమ్మని ఎక్కించుకుని బయల్దేరాను. కాలవ గట్టు రోడ్డు, ముందు కొబ్బరికాయల లోడుతో ట్రాక్టరు, మనం యాభై దాటే పని లేదు. డి మోడ్‌లో డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) త్వరత్వరగా పై గేర్లు వేసేసి ఇంజన్‌ని 1,800 ఆర్‌పీఎం దగ్గర కూర్చోబెట్టింది. అప్పుడు మొదలైంది మోత. లోపలి అద్దంలో వెనకొచ్చే బండి రెండు బండ్లుగా కనిపించేంతగా అద్దం వణికింది. "చెవిలో తుమ్మెద దూరినట్టుందిరా, ఆపెయ్" అంది అమ్మ. కొత్తపేటలో దిగి బస్సెక్కుతానంది.

ఎందుకలా అంటే, నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్క తిరుగుడుకి రెండు సిలిండర్లు పేలతాయి. 1,800 ఆర్‌పీఎం అంటే సెకనుకి 30 తిరుగుళ్లు, 60 పేలుళ్లు. 60 హెర్ట్జ్‌ల ఆ బండమోత కారు లోపలి గాలిని పట్టి ఊపేస్తుంది. ఆక్టేవియాలో డిక్కీ, క్యాబిన్ విడివిడి గదులు కావు, వెనక డోరుతో సహా అంతా ఒకే డబ్బా. హైవే మీద 3,000 దాటిస్తే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ రావులపాలెంలో నాలుగు వరసల రోడ్డు ఎక్కేదాకా మనం బతికేదంతా 1,500కీ 2,000కీ మధ్యనే. ఇంటర్నెట్‌లో సౌండ్ క్లిప్‌లన్నీ ఫుల్ యాక్సిలరేటర్ మీద తీసినవి. ట్రాక్టరు వెనకాల ఇరవై నిమిషాలు పోయిన వీడియో ఎవరూ పెట్టరు.

మూడు వారాలకి పాత మఫ్లర్ తిరిగి పెట్టమని వెళ్తే షాపువాళ్లు చల్లగా చెప్పారు, దాన్ని పాత ఇనుముకి వేసేశారట.

డౌన్‌పైపు సంగతి వేరు. నిజంగా తేడా తెలిసేది దీంతోనే. టర్బో ముందుగా అందుకుంటుంది, పైన ఊపిరాడినట్టు లాగుతుంది. కానీ ఒట్టి డౌన్‌పైపు పెట్టినంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, టార్క్‌ని (తిప్పే బలాన్ని) లెక్కగట్టి ఇస్తుంది. అందులో కంపెనీ మ్యాప్ (సెట్టింగులు) ఉన్నంతకాలం 350 న్యూటన్ మీటర్ల దగ్గరే పట్టి ఆపుతుంది. అసలు ఫలితం రావాలంటే రీమ్యాప్ చేయించాలి. రీమ్యాప్ చేయిస్తే మంచి పెట్రోలు కావాలి. మన ఊళ్లలో మామూలు బంకులో చాలాకాలం 91 ఆక్టేనే దొరికేది. అలాంటి తక్కువ ఆక్టేన్‌తో నాక్ వస్తే (పెట్రోలు తనంతట తానే పేలితే) ఇంజన్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాక్కుంటుంది, అంటే డబ్బు పోసి కొన్న పవర్‌లో కొంత ఏప్రిల్ ఎండలో మళ్లీ వెనక్కి ఇచ్చేస్తావు. 95 పోసే బంకు దారిలో లేనివాడు ఈ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

డౌన్‌పైపులో రెండు రకాలు. క్యాట్ పూర్తిగా తీసేసింది ఒకటి, తక్కువ గళ్లతో 200 సెల్ క్యాట్ ఉన్నది ఒకటి. మొదటిది నేను ఎవరికీ చెప్పను. క్యాట్ తర్వాత ఉండే రెండో ఆక్సిజన్ సెన్సర్ వెంటనే పట్టేస్తుంది, పి0420 కోడ్‌తో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని నోరు మూయించొచ్చు గానీ వాసనని మూయించలేవు. రైల్వే గేటు దగ్గర అద్దాలు దించుకుని ఆగి చూడు, కళ్లు మండుతాయి. ఇది బీఎస్4 బండి. పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. క్యాట్ లేకుండా ఆ లెక్క అందుకోవడం కల్ల. 200 సెల్ మంచి రకమైతే చాలా మేలే కానీ, చౌకదైతే ఏడాదిలో లోపలి గూడు రాలి గలగలమంటుంది.

ఒక మాట మనవైపు వాళ్లకి ప్రత్యేకం. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు, మిగతా సగం మీద గడ్డి ఉంటుంది. క్యాట్ బాగా పనిచేసేది 400 డిగ్రీల పైమాటే. కంపెనీవాడు దాని చుట్టూ, పైనా అల్యూమినియం రేకులు ఊరికే బిగించలేదు. కొత్త పైపు పట్టడం లేదని ఆ రేకులు విప్పి పక్కన పడేసే షాపులు చూశాను. ఎండుగడ్డి మీద అలాంటి బండి ఆపావంటే కారుతో పాటు రైతు కుప్ప కూడా పోతుంది. ఫిట్టింగ్ అయ్యాక వంగి చూసి, రేకులన్నీ ఉన్నాయని లెక్కపెట్టుకున్నాకే డబ్బివ్వు.

నేను చివరికి తేలింది క్యాట్‌బ్యాక్ దగ్గర. క్యాట్‌ని ముట్టుకోకుండా దాని వెనక ఉన్న పైపంతా మార్చడం. మిల్‌టెక్ లాంటి కంపెనీలు ఇదే బండికి రెండు రకాలు ఇస్తాయి, మధ్యలో రెజొనేటర్ (మోతని మింగే డబ్బా) ఉన్నదీ లేనిదీ. కళ్లు మూసుకుని ఉన్నదే తీసుకో. "లేనిది గట్టిగా ఉంటుంది కదా" అంటాడు మావాడు. ఉంటుంది, ఆ గట్టితనం మళ్లీ ఆ 1,800 దగ్గరే వచ్చి కూర్చుంటుంది. వాల్వ్ ఉన్నవీ దొరుకుతాయి, మీట నొక్కితే మెత్తగా, మళ్లీ నొక్కితే గట్టిగా. పట్నంలోనైతే నేనూ అదే కొనేవాణ్ని. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి, వానాకాలం రోడ్డు మీద నిలిచే నీళ్లకి ఆ వాల్వు ఇరుసు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. బిగుసుకుంటే అది తెరిచిన చోటే బిగుసుకుంటుందని నా అనుమానం, మన అదృష్టం తెలుసుగా.

దిగుమతి సరుకుకి సుంకాలూ రవాణా కలిపితే ఖరీదు గుండె పట్టుకునేలా ఉంటుంది. అందుకని లోకల్‌గా చేయించుకునేవాళ్లు ఎక్కువ. తప్పేం లేదు, ఆర్గాన్ వెల్డింగ్ బాగా తెలిసిన కుర్రాళ్లు మన దగ్గర కొల్లలు. ప్రతి కొత్త ఇంటికీ స్టీలు రెయిలింగ్ కావాలి మరి. చిక్కంతా స్టీలుతోనే. రెయిలింగ్‌కి తరచూ వాడేది 202 గ్రేడు, మనకి కావాల్సింది 304. మా వెల్డర్ అయస్కాంతం తెచ్చి పైపు మీద పెట్టి, "ఆయ్, అంటుకోలేదు చూడండి, త్రీ నాట్ ఫోరే" అన్నాడు. 202కి కూడా అయస్కాంతం అంటుకోదు. అది పట్టేది 409 లాంటి రకాన్నే. స్టీలు కొట్లో కెమికల్ ఉంటుంది, ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనిస్తే 202 ఎర్రబడుతుంది. ఆ చుక్క వేయించాను. ఎర్రబడింది. కుర్రాడు అయస్కాంతం జేబులో వేసుకుని పక్క రాక్‌లోంచి వేరే పైపు తీశాడు.

గ్రేడు గురించి ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, పైపు బయటి ఉప్పుగాలికే కాదు, లోపల్నించీ తుప్పుపడుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. దూరం పోతే ఆవిరై పోతాయి. ఇంటి నుంచి చెరువు గట్టుకి, గట్టు నుంచి ఐస్ ఫ్యాక్టరీకి రెండేసి కిలోమీటర్లు తిరిగే మావాడి బండిలో అవన్నీ మఫ్లర్ అడుగున నిలుస్తాయి. ఆ నీళ్లు కారిపోవడానికి అడుగున చిన్న చిల్లు ఉందో లేదో చూసుకోవాలి. వంపుల దగ్గర పైపు నొక్కుకుపోకుండా మాండ్రెల్ బెండ్లే వాడమనాలి. మూడంగుళాల పైపు కింద ఎంత వేలాడుతుందో పంచాయతీ స్పీడ్ బ్రేకర్ మీద ఎక్కించి చూసుకోవాలి.

చట్టం విషయానికొస్తే, కంపెనీ స్పెసిఫికేషన్‌ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. శబ్దం, పొగ నిబంధనలు మీరితే అదే చట్టం 190(2) కింద మొదటిసారికే పది వేల దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ, పైగా లైసెన్సు మూడు నెలలు పోవడం. రెజొనేటర్ ఉన్న క్యాట్‌బ్యాక్ అయినా ఈ గీతకి అవతలే ఉంది, అది తెలిసే పెట్టించుకోవాలి. ఆ ధైర్యం లేకపోతే ఉన్నదే మేలు, అందులో చిన్నతనం లేదు. కంపెనీ సైలెన్సర్‌తోనూ ఇదే 230 పీఎస్.

మావాడు రెజొనేటర్ క్యాట్‌బ్యాకే పెట్టించాడు, క్యాట్ జోలికి పోలేదు. కంపెనీ సెట్ కోయించొద్దు, బోల్టులు విప్పించి ఇంటికి తెచ్చుకోమన్నాను. అది ఇప్పుడు గోనెసంచి చుట్టుకుని మా పిన్ని వాళ్ల ధాన్యం గదిలో ఉంది. పాత ఇనుమువాడు వీధిలో కేకేసినప్పుడల్లా వాడు చెరువు గట్టు మీంచి ఇంటికి ఫోన్ చేస్తున్నాడట.