ఉదయగిరి దగ్గర నుంచి నెల్లూరు డాక్టరుకు బాబు కొలతలు: ఏడాదిన్నర వాడాక

మా బాబు ఏడు వారాలు ముందే పుట్టాడు. మేముండేది ఉదయగిరి దగ్గర పల్లెలో, డాక్టరుగారు నెల్లూరులో. బస్సులో తీసుకుపోతే రోజంతా పోయేది, తిరిగొచ్చాక వాడికి జలుబు. అందుకే ఆయన ఒక దారి చెప్పారు. బరువు, పొడవు ఇంట్లోనే కొలిచి ఫోన్లో యాప్‌లో ఎక్కించాలి, వాడు ఆడుకునే వీడియోలు పంపాలి, మూడు నెలలకొకసారి మాత్రం నేరుగా రావాలి. ఆరో నెల నుంచి రెండేళ్లు నిండేదాకా ఇలాగే నడిపాం.

బరువుతో ఇబ్బంది రాలేదు. పిల్లల్ని పడుకోబెట్టే డిజిటల్ కాటా కొన్నాం. పొద్దున్నే పాలు పట్టకముందు, బట్టలు విప్పి తూచాలి. కాటా గచ్చు మీదే పెట్టాలి, పరుపు మీద పెడితే అంకె నిలవదు.

పొడవే నన్ను ఏడిపించింది. మొదట్లో బట్టలు కొలిచే టేపుతో కొలిచేదాన్ని. ఒక నెల 68 సెంటీమీటర్లు వచ్చింది, తర్వాతి నెల 66.5. ఎదిగే పిల్లాడు తగ్గుతాడా? ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపోలేదు. డాక్టరుగారు వాడి ఎదుగుదల గీత చూసి, "బిడ్డ తగ్గలేదమ్మా, టేపు కుదరలేదు" అన్నారు.

మా అంగన్వాడీలో పొడవు కొలిచే బల్ల ఉంది. టీచరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అత్తమ్మ రెండు చేతులతో తల పట్టి పై చెక్కకు ఆనిస్తుంది. వాడి చూపు నేరుగా పైకి ఉండాలి. నేను ఒక చేత్తో మోకాళ్లు మెత్తగా నొక్కి, రెండో చేత్తో కింది చెక్కను అరికాళ్లకు తగిలేదాకా జరుపుతాను. వాడు కాలు ముడిచేలోపే అంకె చదవాలి. రెండుసార్లు కొలిచి, తేడా 7 మిల్లీమీటర్లు దాటితే మళ్లీ కొలుస్తాం. ఇది అలవాటయ్యాక గీత వెనక్కి రాలేదు, రెండేళ్లు నిండినప్పుడు తప్ప. ఆ వయసు నుంచి నిలబెట్టి కొలుస్తారు. పడుకోబెట్టిన పొడవు కంటే నిలబడ్డ ఎత్తు సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ఎదుగుదల చార్టుల్లో ఆ తేడా లెక్కలోనే ఉంది. మా యాప్ మాత్రం పడుకోబెట్టారా, నిలబెట్టారా అని అడగదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు రెండేళ్లదాకా డ్యూ డేట్ నుంచే వయసు లెక్కగట్టాలి కదా, దానికీ అందులో చోటు లేదు. రెండు వయసులూ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. డబ్బు తీసుకునే యాప్‌కు ఇవి చిన్న లోపాలు కావు.

వీడియోలు మాత్రం ఎంతో మేలు చేశాయి. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు అని అత్తమ్మ ఎదురుచూస్తుంటే, వాడు దోగాడనే లేదు. కూర్చునే, కుడిచేయి నేలకు ఆనించి జరిగేవాడు. చూసినవాళ్లంతా తలా ఒక మాట అన్నారు. ఫోన్ నేల మీద, వాడి ఎత్తులో పెట్టి, పక్క నుంచి కాళ్లూ చేతులూ కనబడేలా ఒక నిమిషం తీసి పంపాను. డాక్టరుగారు అడిగింది ఒక్కటే: "ఎడమ పక్క ఏదైనా పెడితే ఎడమచేత్తో తీసుకుంటాడా?" స్టీలు గిన్నె ఎడమ పక్కన పెట్టాను. ఎడమచేత్తోనే లాక్కుని నేలకేసి కొట్టాడు. అది చూశాక ఆయన ధైర్యం చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు మరికొన్ని దేశాల్లో పిల్లల్ని గమనిస్తే, నూటికి నలుగురు దోగాడకుండానే నడిచారట. తనంతట తాను నడవడానికి 17.6 నెలలదాకా ఆగొచ్చన్నారు.

డ్యూ డేట్ లెక్కన పదహారో నెలలో మావాడు వసారాలో నాలుగు అడుగులు వేశాడు. అత్తమ్మ అరిసెలు వండింది. వీడియో పంపితే డాక్టరుగారు సంతోషించి, "బుధవారం తీసుకురండి, కాళ్ల బిగువు చేత్తో పట్టి చూస్తే గానీ తెలియదు" అన్నారు. పొద్దున్నే మొదటి బస్సెక్కాం.