విమానాన్ని నేల మీద ఆపడం మేలా, గాలిలో తిప్పడం మేలా?

వంతెన రాకముందు మా సిరొంచ నుంచి కాళేశ్వరం పోవాలంటే గోదావరి మీద నావే దిక్కు. అవతలి రేవులో జాగా లేకపోతే నావవాడు మమ్మల్ని ఇవతలి ఒడ్డునే ఆపేవాడు. ఒక్కోసారి నడి ఏట్లో ఆగాల్సి వచ్చేది. అప్పుడు అమ్మ నా చెయ్యి వదిలేది కాదు.

మొన్న నాగ్‌పూర్‌లో ముంబై విమానం ఎక్కి, తలుపులు వేశాక నేల మీదే కూచున్నాం.

"ఎందుకు బిడ్డా, కదలదు?"

"అక్కడ రన్‌వే ఖాళీ లేదటమ్మా, ఇక్కడనే ఆపిండ్రు."

దిగే చోట రద్దీ ఉంటే రెండో దారి గాలిలో తిప్పడం. విమానాలను వెయ్యేసి అడుగుల ఎడంతో ఒకదానిపై ఒకటి ఉంచి చుట్లు కొట్టిస్తారు. ఒక్కో చుట్టుకు సుమారు 4 నిమిషాలు. కిందిది దిగితే పైది ఒక మెట్టు కిందికొస్తుంది. ముంబైలో రన్‌వేలు రెండున్నా ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి కాబట్టి ఒక వేళకు ఒకటే నడుస్తుంది. అక్కడ విమానాలు 40 నుంచి 60 నిమిషాలు గాలిలో తిరుగుతున్నాయనీ, ఒక్కోదానికి 1,700 నుంచి 2,500 లీటర్ల ఇంధనం వృథా అవుతోందనీ 2024 ఫిబ్రవరిలో పౌర విమానయాన శాఖే చెప్పింది. రద్దీ వేళల్లో గంటకు 46 రాకపోకలను 44కు తగ్గించింది కూడా.

నేల మీద ఆపితే ఆ ఇంధనం మిగులుతుంది, పైలట్‌కు టెన్షన్ తగ్గుతుంది. అక్కడ ఎన్నింటికి దిగొచ్చో చూసి, ఇక్కడ ఎన్నింటికి లేవాలో వెనక్కి లెక్కగట్టి టైం ఇస్తారు. ఆ టైం దాటిపోతే మళ్ళీ కొత్తది తీసుకోవాలి. అందుకే మనల్ని ముందే ఎక్కించి తలుపులేసి ఉంచేది.

ఇందులోనూ చిక్కుంది. పొగమంచు వల్ల ఆపినప్పుడు అది అనుకున్నదానికంటే ముందే విడిపోతే అక్కడ రన్‌వే ఖాళీగా పడి ఉంటుంది, మనమేమో ఇంకా నాగ్‌పూర్‌లోనే ఉంటాం. పోయిన ఆ నిమిషాలు తిరిగి రావు. కాబట్టి రెండు మూడు విమానాలను గాలిలో సిద్ధంగా ఉంచడం తప్పదు. దారిలో వేగం తగ్గించడం అనే పద్ధతీ ఉంది గానీ, గంటన్నర ప్రయాణంలో దానివల్ల కలిసొచ్చేది కొద్ది నిమిషాలే.

నా మటుకు నేల మీద ఆపడమే మేలు. కాకపోతే ఎంతసేపో జనానికి చెప్పి తీరాలి. నలభై నిమిషాలని పైలట్ చెప్పగానే అమ్మ సంచిలోంచి జొన్నరొట్టెల మూట తీసి, నాకూ ఒకటి తుంచి ఇచ్చింది.